తలుపు, పొయ్యి, బల్ల, కిటికీ

ఔరిమాస్ చేతిలో మొదట ఉన్నది పదకొండు వందల నలభై యూరోలు. ఎనిమిది వందల డెబ్బై పెట్టి, ఎవరో వాడి అమ్మేసిన నేల గీకే మెషీన్ కొన్నాడు. వందకు నాలుగు రకాల ఉప్పుకాగితం చుట్టలు, నలభైకి మోకాళ్ళ మెత్తలు. మిగిలిన నూట ముప్పైతో సెప్టెంబరు నెల నెట్టుకొచ్చాడు, ఎక్కువ రోజులు ఉడికించిన బంగాళదుంపలూ మజ్జిగతోనే.

ఇరవై మూడేళ్ళవాడు. ఎవరింటికి వెళ్ళినా ముఖాలకన్నా ముందు అతనికి చదరపు మీటర్లు కనబడేవి. గరుకు కాగితం ఎన్నిసార్లు, సన్నది ఎన్నిసార్లు, వార్నిష్ ఎన్ని పూతలు, మొత్తం ఎన్ని రోజులు... గుమ్మంలో నిలబడే చెప్పేసేవాడు. ఆ లెక్క తప్పేది కాదు. కౌనస్‌లో కొండమీది పాత పేట నిండా యుద్ధానికి ముందు కట్టిన ఇళ్ళే. వాటిలో చేపముల్లులా అల్లిన ఓక్ చెక్క నేలలు, వాటి మీద రంగు, రంగు మీద లినోలియం, దాని మీద తివాచీ. అవన్నీ లాగి పారేసి గీకితే అడుగున తేనెరంగు నేల కొత్తగా పుట్టినట్టు బయటపడుతుంది. అక్టోబరు సగానికి నాలుగు ఇళ్ళు పూర్తి చేశాడు. నాలుగింటికీ ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో తీసి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించాడు.

ఐదో ఇల్లు బ్రోనే మామ్మది. ఆ పని ఇప్పించినవాడు కోస్తాస్. మోకాళ్ళు అరిగిపోయి మానేసిన ముసలి మేస్త్రి. ఔరిమాస్ అతని దగ్గరే రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. ముసలాయన పని ఇప్పిస్తూ, తేనెమైనంలో టర్పెంటైన్ కలిపి తనే కాచిన డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. మూత చుట్టూ కాగితం అంటించి ఉంది.

"ఇది ఆ దారికి. మిగతా గది నీ ఇష్టం. దారి మాత్రం ఆవిడ చెప్పినట్టే చెయ్యి."

"ఏం దారి మామా?"

"చూపిస్తుందిలే. నువ్వు నేలని చూడవురా, అంకెని చూస్తావు. ఈ ఒక్కసారి నేలని చూడు."

బ్రోనే మామ్మ ఎనభై దాటిన మనిషి. ఏటా అక్టోబరులో మోకాళ్ళ మీద కూర్చుని ఆ గది నేలంతా తనే మైనం రుద్దేది. ఈ ఆగస్టులో తుంటి ఎముక విరిగింది. ఊరి బయట మేనకోడలి ఇంట్లో ఉంటోంది. పై అంతస్తులో పైపు పగిలి గదిలో ఒక మూల నేల నల్లబడింది కాబట్టి, ఎలాగూ మనిషిని పిలవాలి. పని చూపించడానికి చేతికర్రతో వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పి, మేజోళ్ళతో గదిలోకి నడిచింది.

గుమ్మం దాటగానే ఆవిడ కాలికింద ఒక చెక్కముక్క టక్ మంది.

"ఇది తలుపు స్టాప్," అంది.

ఆవిడ భర్త లియోనస్ ముప్పై ఒక్కేళ్ళు, పైన కరెంటు తీగలతో నడిచే ట్రాలీబస్సు నడిపాడట. చక్కెర జబ్బు ముందు ఎడమకాలి వేళ్ళు రెండు పట్టుకుపోయింది, తర్వాత రెండు కళ్ళూ పట్టుకుపోయింది. ఆఖరి పదకొండేళ్ళు ఆయన ఈ గదిలోనే, ఉత్త కాళ్ళతో, ఒకే దారిలో తిరిగాడు. తలుపు దగ్గర వదులైన చెక్క. అక్కణ్ణుంచి అయిదడుగులు వేస్తే గది వెచ్చబెట్టే పలకల పొయ్యి, దాని ముందు నేల కాస్త గుంట. మరో నాలుగడుగులకు బల్ల, అక్కడ ఉబ్బిన ముడి ఒకటి అరికాలికి తగులుతుంది. ఇంకో అయిదుకు కిటికీ. అక్కడ రెండు పాదాలు పెట్టి గంటల తరబడి నిలబడేవాడు, వీధిలో పోయే ట్రాలీబస్సులు వింటూ. ఏ నంబరుదో చప్పుడుబట్టి చెప్పేవాడట. కిటికీ కింద ఓక్ చెక్క రెండు పాదాల మేర నిజంగానే లోతుపడి ఉంది. ప్రతి చోటా ఆగి, డ్రైవరు గొంతుతో పేరు పిలిచేవాడట: తర్వాతి స్టాప్ పొయ్యి. తర్వాతి స్టాప్ బల్ల. అది చెబుతూ ముసలావిడ నవ్వింది. ఇంటికొచ్చిన చుట్టాలను టికెట్ అడిగేవాడట కూడా.

"దాచుకోవాలని కాదు నాయనా," అంది తర్వాత. "పోయినవాళ్ళ పండక్కి వస్తాడు. ఏటా వస్తాడు. ఆయనకి కాళ్ళే కళ్ళు. ఇదంతా చదును చేసేస్తే ఎక్కడ పట్టుకుని వస్తాడు?"

దారిని మెషీన్ తాకకూడదు. చేత్తో తుడిచి, చేత్తో మైనం పెట్టాలి. ఆ పండగ రోజు, నవంబరు రెండో తేదీకి ముందే దుమ్ము పనులు ముగిసిపోవాలి, ఎందుకంటే ఆ వేళ లేచిన దుమ్ము వచ్చేవాళ్ళ కళ్ళలో పడుతుంది. ఆ సాయంత్రం తను రాలేకపోతే, అయిదింటికల్లా కిటికీలో కొవ్వొత్తి వెలిగించి, వీధితలుపు గడియ తీసి ఉంచాలి. అంతే ఆవిడ కోరింది. ఔరిమాస్ మూడుసార్లు సరేనన్నాడు. మూడోసారి అంటున్నప్పుడు అతని మనసు గది వైశాల్యం మీద ఉంది.

ఇరవై నాలుగు చదరపు మీటర్లు. అందులో దారి మూడున్నర.

పని మొదలుపెట్టాక తెలిసింది చిక్కు. మైనం తాగిన చెక్క పక్కన వార్నిష్ నిలవదు. అంచుల్లో పొరలు పొరలుగా లేస్తుంది. దారికి రెండువైపులా జానెడు మేర చిత్రిక పట్టి, గీకుడురేకుతో చేత్తో గీకి, మైనపు అంచు మిగలకుండా తీయాలి. తొమ్మిది గంటల పని. మెషీన్‌తో అయితే ఇరవై నిమిషాలు. పైగా ఫోటో. నిగనిగలాడే గది మధ్య మురికి చార ఉన్న నేలను చూసి ఎవరు పని ఇస్తారు?

ఆవిడకు ఫోన్ చేసి చిక్కు చెప్పవచ్చు. ఆవిడ ఏమంటుందో అతనికి తెలుసు. అందుకే చేయలేదు.

అక్టోబరు ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం మెషీన్‌ను దారి మీదికి తోశాడు. గదంతా ఒక్కసారిగా తేనె వాసన లేచింది, ఎవరో తేనెపట్టు పిండినట్టు. పొయ్యి ముందు గుంట చదునవడానికి మూడుసార్లు అదనంగా తిప్పాల్సి వచ్చింది, కిటికీ కింది పాదాలకు అయిదుసార్లు. బల్ల దగ్గరి ముడి ఒక్క తిప్పుకే పోయింది. గుమ్మం దగ్గరి వదులు చెక్కను ఊడబెరికి, కింద బంక పోసి, పైన రంగుడబ్బా బరువు పెట్టాడు. మెత్తటి పొడిని బంకతో కలిపి ముద్ద చేసి గది మొత్తం సందుల్లో కూరాడు. నేల పొడితోనే నేల సందులు పూడ్చాలి, అప్పుడే రంగు కలుస్తుంది. ఇది కోస్తాస్ నేర్పిందే. మిగిలిన పొడి మూడు సంచులైతే, పెరట్లో చెత్తకుండీలో వేశాడు.

ఆ సాయంత్రమే బ్రోనే మామ్మ ఫోన్ చేసింది. గొంతు బాగా దగ్గరగా వినబడింది.

"దారి ఎలా ఉంది నాయనా?"

"అలాగే ఉంది మామ్మగారూ. మైనం పెట్టాను. మెరుస్తోంది."

ఆవిడ చాలాసేపు దీవించింది. అతను ఫోను చెవికి కాస్త ఎడంగా పట్టుకున్నాడు. మైనం డబ్బా హాల్లో బట్టల కొయ్య కింద ఉంది. మూతకి అంటించిన కాగితం చిరగలేదు.

రెండో తేదీ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. వీధిలో జనం చామంతి కుండీలూ గాజుబుడ్డి కొవ్వొత్తులూ పట్టుకుని శ్మశానాల వైపు పోతున్నారు. మైనం కాలే వాసన కిటికీ సందుల్లోంచి కూడా వస్తోంది. ఔరిమాస్ ఆఖరి పూత వేస్తున్నాడు. ఎప్పటిలాగే కిటికీ దగ్గర మొదలుపెట్టి, రోలరు లాక్కుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆఖరి గీత గీసి, హాల్లో నిలబడి నడుము నిటారు చేసుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది కొవ్వొత్తి. కిటికీ దగ్గర పెట్టాలి. గుమ్మానికీ కిటికీకీ మధ్య ఇరవై నాలుగు చదరపు మీటర్ల తడి వార్నిష్.

రేపు పెడదాంలే అనుకున్నాడు. ఒక రోజుకి ఏమవుతుంది?

లైటు తీగ పీకి చుట్టాడు. గదిలో వీధిదీపం వెలుగు మాత్రమే మిగిలింది. నేల చెరువులా నిశ్చలంగా మెరిసింది. ఒక్క చార లేదు. ఫోటో తీశాడు. చాలా బాగా వచ్చింది. దాన్ని చూసుకుంటూ ఉండగా మెట్ల మీద అడుగులు వినబడ్డాయి.

పై ఇంటివాళ్ళేమో.

కానీ పై ఇంటివాళ్ళు చెప్పులు వేసుకుంటారు. ఇవి ఉత్త కాళ్ళు. మెత్తగా... తడిమి తడిమి... ఒక కాలు పూర్తిగా ఆనుతోంది, రెండోది కాస్త ఈడుస్తోంది. అడుగులు ఈ అంతస్తులో ఆగాయి. వీధితలుపుకు గడియ వేసి లేదు. పొద్దున వార్నిష్ డబ్బాలు మోస్తూ తనే తీసి వదిలేశాడు. ముసలావిడ మాట ఆ ఒక్కటీ నిలబెట్టాడు, అదీ మరిచిపోయి.

తలుపు తెరుచుకుంది. ఎవరూ కనబడలేదు. తడిసిన ఉన్నికోటు వాసన వచ్చింది. దాని వెనకాలే ఇంకో వాసన, వానలో ట్రాలీ తీగల మీద నిప్పురవ్వలు రాలినప్పుడు వచ్చేది.

ఔరిమాస్ బట్టల కొయ్య పక్కన గోడకు అతుక్కుపోయాడు. ముఖానికి చల్లగాలి తగిలి దాటిపోయింది. గదిగుమ్మం దగ్గర అది ఆగింది. కాలుతో వెతుకుతోంది. నేల మీద చర్మం రాసుకున్న చప్పుడు. ఇటు... అటు... మళ్ళీ ఇటు.

టక్ మనాల్సిన చెక్క టక్ మనలేదు.

"తలుపు..." అంది ఒక గొంతు, అనుమానంగా. ముసలి గొంతు. పనిలో మర్యాద అలవాటైన మనిషి గొంతు. "తర్వాతి స్టాప్... పొయ్యి."

తడి వార్నిష్ మీద ఒక పాదం పడింది. చప్ మని అంటుకుని, చప్ మని ఊడింది. మనిషి లేడు. పాదం గుర్తు మాత్రం ఉంది, వీధిదీపం వెలుగులో స్పష్టంగా. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. నాలుగు... అయిదు. ఆగాయి.

"పొయ్యి," అంది గొంతు. కాలు గుంట కోసం వెతికింది. దొరకలేదు. "పొయ్యి రాలేదే."

ఇంకో అడుగు పక్కకి. ఇంకోటి వెనక్కి. గుర్తులు గది మధ్య ముడి పడటం మొదలుపెట్టాయి.

"బ్రోనే... ఇది ఏ స్టాప్?"

ఔరిమాస్‌కు తెలుసు. ఎడమవైపు రెండడుగులు. గది కొలతలన్నీ అతని బుర్రలో ఉన్నాయి. రెండడుగులు ఎడమకి వేస్తే పొయ్యి పలకలు చేతికి తగులుతాయి, అక్కణ్ణుంచి అంతా తేలిక. ఒక్క మాట చాలు.

అడుగులు ఆగిపోయాయి. గదిలోని నిశ్శబ్దం అతని వైపు తిరిగినట్టనిపించింది.

"ఎవరో ఉన్నారు... ఊపిరి వినబడుతోంది." గొంతు సిగ్గుపడుతున్నట్టు ఉంది, ఊరుకాని ఊళ్ళో దారి అడిగే ముసలాయనలా. "క్షమించండి బాబూ. ఇది ఏ స్టాప్?"

ఔరిమాస్ చేత్తో నోరు మూసుకున్నాడు.

భయం వల్ల కాదు. భయమైతే అరిచేవాడే. ఎడమకి రెండడుగులు అని చెబితే, ఆ రెండడుగుల్లో గుంట ఏమైందని అడుగుతాడేమో అనిపించింది. దానికి జవాబు ఏం చెప్పాలో తెలియక, ఊపిరి బిగబట్టి, గోడకు ఆనుకుని, మేజోళ్ళతో ఒక్కొక్క అంగుళమే జరిగి, తలుపులోంచి బయటపడి మెట్లు దిగి పారిపోయాడు. ఆ గొంతు మొదటి మలుపు దాకా వినబడింది. చాలా మర్యాదగా, మళ్ళీ మళ్ళీ అదే అడుగుతోంది.

పెరట్లో చెత్తకుండీ పక్కన కూర్చుని కోస్తాస్‌కు ఫోన్ చేశాడు. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని చెప్పాడు. ముసలి మేస్త్రి ఒకటే అడిగాడు.

"దారి అలాగే వదిలావా?"

"వదిలాను."

"మరైతే భయం ఎందుకురా? ఆయన కిటికీ దగ్గర నిలబడి వెళ్ళిపోతాడు. ఎవరినీ ఏమీ అనడు."

ఫోన్ పెట్టేశాక, కుండీ మూత తీసి చూశాడు. పొద్దున్నే చెత్తబండి వచ్చి వెళ్ళింది. సంచులు లేవు.

తెల్లవారుజామున పైకి వెళ్ళాడు. వార్నిష్ గట్టిపడింది. గుర్తులు గాజులో చెక్కినట్టు ఉన్నాయి. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాడు. ఇరవై ఆరు. కుడిపాదానికి అయిదు వేళ్ళు. ఎడమపాదానికి మూడు. గుమ్మం నుంచి అయిదు నేరుగా, తర్వాత గుండ్రంగా, లోపలికి లోపలికి. ఆఖరి రెండూ గది నడుమ పక్కపక్కనే, నిలబడ్డ మనిషివి. బయటికి వెళ్ళిన అడుగు ఒక్కటీ లేదు. రెండోసారి లెక్కపెట్టాడు. మూడోసారీ లెక్కపెట్టాడు. జీవితంలో మొదటిసారి లెక్క తప్పితే బాగుండుననుకున్నాడు.

మెషీన్ ప్లగ్గు పెట్టాడు. అరగంటలో గుర్తులన్నీ లేపేయవచ్చు. స్విచ్ మీద వేలు పెట్టి, గది నడుమ ఆ రెండు పాదాల వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్కడే నిలబడి ఉన్నాడేమో. మెషీన్ ఆయన కాళ్ళ మీదుగా పోతుందేమో. ప్లగ్గు తీసేశాడు.

తొమ్మిదింటికి బ్రోనే మామ్మ వచ్చింది. మేనకోడలు ఆవిణ్ణి తలుపు దాకా దించి, రొట్టె కొనడానికి వెళ్ళింది. ముసలావిడ హాల్లో చెప్పులు విప్పింది. మేజోళ్ళు కూడా విప్పింది. గుమ్మం దాటి కుడికాలు పెట్టి, బరువు వేసి, విన్నది.

చప్పుడు లేదు.

ఆవిడ ముఖం మారలేదు. అదే అతనికి భరించరాకుండా అయింది.

"వచ్చాడా?" అంది.

"ఎవరూ రాలేదు మామ్మగారూ. ఆ గుర్తులు నావే. నిన్న ఏదో మరిచిపోయి, చూసుకోకుండా..."

ముసలావిడ కర్ర మీద వంగి, దగ్గర్లోని గుర్తును కాసేపు చూసింది.

"నీ ఎడమకాలికి వేళ్ళెన్ని నాయనా?"

అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మేజోళ్ళలో ఉన్నాయి. అయినా పాదాలు ఒకదాని వెనక ఒకటి దాచుకోవాలనిపించింది. చిన్నప్పుడు బళ్ళో చిరిగిన బూట్లు దాచుకున్నట్టు. ఆవిడ కోపంగా అడగలేదు. నిజంగా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టే చూసింది. ఆ తర్వాత చూపు బట్టల కొయ్య కిందికి, విప్పని మైనం డబ్బా మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చింది.

అప్పుడు అన్నీ చెప్పాడు. తొమ్మిది గంటల లెక్క, ఇరవై నిమిషాల లెక్క, ఫోటో, బంక, సందుల్లో కూరిన పొడి, చెత్తబండి. రాత్రి ఆయన మర్యాదగా అడిగిన ప్రశ్న. తను నోరు మూసుకోవడం. ఆ ఆఖరి మాట రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

"పొడిని గదంతా కూరావా?" అంది ముసలావిడ.

"సందులన్నిట్లోనూ."

ఆవిడ గది నడుమ వైపు చూసింది. "అందుకే. ఎటు కాలు పెట్టినా తన దారే తగులుతోంది పాపం."

కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చుంది. తిడితే బాగుండును. డబ్బివ్వనంటే ఇంకా బాగుండును. ఆవిడ మేజోళ్ళు ఒళ్ళో పెట్టుకుని, చూపు పోయిన మొదటి ఏడాది లియోనస్ ఎలా ఉండేవాడో చెప్పింది. దారి తప్పితే ఉన్నచోటే ఆగిపోయేవాడట. కూర్చునేవాడు కాదు, పిలిచేవాడు కాదు, ఎవరికీ భారం కాకూడదని అలాగే నిలబడేవాడట. ఒకసారి తను బజారు నుంచి వచ్చేసరికి నాలుగు గంటలు నిలబడి ఉన్నాడట. తను వెళ్ళి గుమ్మం దగ్గర ఆ చెక్కని టక్ మనిపించేది. ఆ చప్పుడుబట్టి వెతుక్కుంటూ వచ్చేవాడు. అప్పుడు మోచేయి అందించేది. మళ్ళీ మొదటి స్టాప్ నుంచి.

"ఈ తుంటితో నేను నడవలేను," అంది. "నడిచినా పడతాను. నేను పడితే ఆయన్ని కూడా పడేస్తాను."

ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే అడగడం.

ఆ పగలంతా ఔరిమాస్ మోకాళ్ళ మీద గడిపాడు. గుమ్మం దగ్గరి చెక్కను ఉలితో లేపి, కింద బంక అంతా గోళ్ళతో, కత్తితో గీకి, వదులుగా అమర్చాడు. పనికి ముందు తను తీసిన ఫోటో చూసుకుని, కొలతలు వేసి, పొయ్యి దగ్గర, బల్ల దగ్గర, కిటికీ కింద పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. గుంటలు చెక్కడానికి ఉలి పట్టుకుంటే ముసలావిడ వద్దంది. కాళ్ళు చేసిన గుంటని ఇనుము చేయలేదంది. డబ్బా కాగితం చింపి, మూత తీసి, ఆ పద్నాలుగడుగుల మేర మైనం చేత్తో రుద్దాడు. వార్నిష్ మీద మైనం పట్టదు. తెలుసు. అయినా రుద్దాడు. గది నడుమ ఆ రెండు పాదాల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పక్కకి తప్పుకుని వెళ్ళాడు. అక్కడ గాలి చల్లగా ఉంది.

నాలుగున్నరకు చీకటి పడింది. మేనకోడలు ఇంటికి పోదామని గొడవ పడి, ఆఖరికి కారులో కూర్చుంది. ముసలావిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కొవ్వొత్తి వెలిగించింది. వీధితలుపు గడియ తీశారు. ఔరిమాస్ మేజోళ్ళు విప్పి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కళ్ళకు తువ్వాలు కట్టుకున్నాడు. అది ఆవిడ చెప్పలేదు. తనకే అనిపించింది, తెరిచిన కళ్ళతో ఆ మనిషి పక్కన నడవడం తప్పని.

కుడికాలు చెక్క మీద పెట్టాడు.

టక్.

ఏమీ లేదు. కొవ్వొత్తి వత్తి చిటపటమంది. మళ్ళీ నొక్కాడు.

టక్.

గది నడుమ నుంచి చర్మం నేలమీద ఊడిన చప్పుడు. ఒకటి. ఒక కాలు ఆనుతూ... ఒక కాలు ఈడుస్తూ... నెమ్మదిగా గుమ్మం వైపు. తడి ఉన్ని వాసన. ఔరిమాస్ పళ్ళు బిగించి, ఎడమచేయి కాస్త వంచి ముందుకు పట్టాడు.

మోచేతి ఒంపులోకి నాలుగు చల్లటి వేళ్ళు వచ్చి చేరాయి. పట్టుకోలేదు. ఆనించాయి, అంతే.

"క్షమించండి," అన్నాడు ఔరిమాస్. తనకే వినబడనంత చిన్నగా. "ఇది తలుపు స్టాప్. ఎడమకి రెండడుగులు అని నిన్ననే చెప్పాల్సింది. నాకు తెలుసు."

వేళ్ళు మోచేతి మీద ఒకసారి తట్టాయి. డ్రైవరు టికెట్టు పుచ్చుకున్నట్టు.

కుడికాలు పైకెత్తబోతుండగా, వెనక వినబడింది.

మెట్ల మీద. ఉత్త కాళ్ళు. ఈ చప్పుడు విని వస్తున్నట్టు, తడుముకుంటూ, ఒకళ్ళ వెనక ఒకళ్ళు. ఒకళ్ళవి బరువైన అడుగులు. ఒకళ్ళకి కర్ర ఉంది. ఒకళ్ళు చాలా చిన్నవాళ్ళు, మెట్టుకి రెండడుగులు వేస్తున్నారు. ఒకళ్ళు ఆగి ఆగి దగ్గుతున్నారు. తలుపు దాటి హాల్లోకి వచ్చి, అతని వీపు వెనక వరసగా నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. స్టాపులో నిలబడ్డట్టు నిలబడ్డారు.

లెక్కపెట్టాల్సిన పని లేదు. అయినా లెక్కపెట్టాడు. నలుగురు.

దీనికి ముందు చేసినవి నాలుగు ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఎవరూ దారి గురించి ఏమీ చెప్పలేదు. తనూ అడగలేదు.

చొక్కా అంచును వెనక నుంచి ఒక చిన్న చేయి పట్టుకుంది.

గది అవతల ముసలావిడ గొంతు, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, "ఇంకా బయల్దేరలేదా?" అంది.

ఔరిమాస్ గాలి పీల్చుకున్నాడు. "తర్వాతి స్టాప్ పొయ్యి," అని, కుడికాలు పైకెత్తాడు.